అయిదో మిడత

మా ఇంటి గోడ సందులో గోరింక గూడు కట్టింది. పిల్లలు రెండు. తల్లి పురుగు తెచ్చిన ప్రతిసారీ పెద్దది మెడ చాచి, అరిచి, మింగేస్తోంది. చిన్నది మూడు రోజులుగా వాడిపోతోంది. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన నేను చూడలేకపోయాను.

చీపురుపుల్లకు మిడతను గుచ్చి చిన్నదానికి అందించాను. పెద్దది లాక్కుంది. ఇంకొకటి గుచ్చాను. అదీ లాక్కుంది.

"నోరు తెరిచి అరవవే, మొద్దుదానా" అని చిన్నదాన్నే తిట్టాను.

అరుగు మీద విత్తనానికి వేరుశనక్కాయలు ఒలుస్తున్న చెల్లెలు సుంకులమ్మ నవ్వింది. "అందరూ నీ మాదిరి అరుస్తారాక్కా? ఇద్దర్నీ చదివించలేనని నాయన అంటే రెండు దినాలు కూడు మాని ఏడిస్తివి. కాలేజీ నీకొచ్చె."

"నువ్వూ ఏడవాల్సింది" అన్నాను విసుగ్గా.

ఒలిచి ఒలిచి పొక్కిన వేళ్లతో ఆమె నా చేతిలోని పుల్ల తీసుకుంది. నేను పట్టి ఉంచిన మిడతల్ని వరసగా పెద్దదానికే పెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. అయిదో మిడతకు పెద్దది నోరు తెరవక మెడ వాల్చేసింది. అప్పుడు చిన్నది మెల్లగా నోరు తెరిచింది.

"ముందు పెద్దదానికి కడుపు నిండాల" అంది సుంకులమ్మ. "నీ చదువు ఇంకా ఎన్నేండ్లుండాదక్కా?"