కాలెత్తినవాడు ఓడినట్టే

ఇలా దగ్గరికి జరిగి కూచో. గట్టిగా చెబితే గంగాధరరావు నొచ్చుకుంటాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనది టిఫిన్ హోటలు. పైన ‘కోనసీమ టిఫిన్స్’ అని బోర్డు. తెలంగాణ ఉద్యమం బాగా వేడి మీదున్న ఎండాకాలం అది. ఆ బోర్డు దింపించాలని ఎల్‌బీ నగర్ నుంచి అంతయ్య పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. రాష్ట్రం కోసం గుండు చేయించుకోవడమే కాదు, మీసం కూడా తీయించేసుకున్నాడని అంతయ్యకు జనం దండాలు పెట్టేవారు.

దింపనన్నాడు గంగాధరరావు. బోర్డు పోతే తన ఊరే పోయినట్టని ఆయన బాధ.

అంతయ్య చెప్పులు విడిచి తారు రోడ్డు మీద నిలబడ్డాడు.

“నువ్వు గుడ నా ఎదురుంగ నిలబడు. ముందుగాల కాలెత్తినోడు ఓడినట్టు. నువ్వోడితే బోర్డు దింపాలె.”

గంగాధరరావు లోలోపల నవ్వుకున్నాడు. తన గుండు అందరూ అనుకుంటున్నట్టు తిరుపతి మొక్కు కాదని, క్యాన్సర్‌కు ఎక్కించే కీమో మందు చలవేనని భార్య సూర్యప్రభకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ మందుకే కాళ్ల నరాలు మొద్దుబారాయి. నడుస్తుంటే చెప్పు జారిపోయినా, వెనక నుంచి ఎవరో కేకేస్తే గానీ తెలిసేది కాదు.

తనూ చెప్పులు విడిచి వచ్చి నిలబడ్డాడు. కళ్లూ ఆ మందుకే మసకబారాయేమో, అంతయ్య మొహం ఆవిరి పట్టిన అద్దంలా కనిపించింది. అంతయ్యేమో ఈయన్ని వదిలేసి పక్కనున్న కరెంటు స్తంభాన్ని గుడ్లురిమి చూస్తున్నాడు. మనిషంటే ఎంత చిన్నచూపో అనుకున్నారు జనం.

తారు మెత్తబడింది. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పులతోనే గెంతుతున్నారు. వీళ్లిద్దరూ మాత్రం కదల్లేదు.

“ఏం రావుసాబ్, కాళ్లు కాల్తలేవా?”

“మీకో అంతయ్యగారూ?”

“నాకెందుకు కాల్తయ్? తెలంగాణ గడ్డ మీద నిలబడ్డ.”

“నేనూ దాని మీదే నిలబడ్డానండీ.”

అంతయ్యకు నవ్వాగలేదు. బోర్డు ఉండనీయమన్నాడు. ఇద్దరూ లోపలికెళ్లి పెసరట్లు తిన్నారు.

మర్నాడు గంగాధరరావు మందు ఎక్కించుకోవడానికి దవాఖానకు వెళ్తే, అరికాళ్ల బొబ్బలు చూసి, కట్లు కట్టిస్తూ డాక్టరమ్మ చెడామడా తిట్టింది.

ఇదంతా గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పు, కానీ ఆ పక్క మంచం మీద చేతికి అదే మందు, కాళ్లకు అవే కట్లు పెట్టించుకుని, అవే తిట్లు తింటున్నవాడు అంతయ్యేనని మాత్రం ఆఖర్న చెప్పు.