శంఖానికి తాళం

"సంధ్య ప్రార్థన వేళ నీ కూతురు రోడ్డు మీద నడిచింది లూపే! ఈసారికి చేప డబ్బాల జరిమానాతో వదిలేస్తున్నా. మళ్లీ జరిగిందో, నీ సూడిపందిని తోలుకురా" అన్నాడు ఊరిపెద్ద తుయాలా.

ఆ పంది ఈనితేనే పిల్ల బడి ఖర్చు గడిచేది.

"శంఖం వినబడితే కదయ్యా ఇంట్లోకొచ్చేది! మనిషి ఊదినన్నాళ్లూ ఒక్కనాడైనా తప్పిందా?"

"కంప్యూటరూ రోజూ ఊదుతూనే ఉంది. దాని సిస్టమే వెధవది. తనంతట తానే సెట్టింగులు మార్చేసుకుని, మోత లౌడ్‌స్పీకర్లకు పంపకుండా పొట్టలోనే మోగించుకుంటోంది. యంత్రం తప్పుకి నేనేం చెయ్యను? కట్టుబాటు కట్టుబాటే."

ఆ పూట లూపేకి చేమదుంప గొంతు దిగలేదు. పంది పోయినట్టు, పిల్ల బడి మానేసినట్టు, ఎవడో తాగుబోతు దాన్ని లేవదీసుకుపోయినట్టు ఒకటే పీడ ఆలోచనలు. ఇక ఆగలేక, ఆపియా పట్నంలో ఫోన్లు బాగుచేసే మేనకోడలు సెఫినాని రప్పించి, ఆ కంప్యూటరున్న తుయాలా ఇంటికి లాక్కుపోయింది.

తుయాలా పక్క ఊరికి చావుకెళ్లాడు. ఆయన భార్యే కుర్చీ లాగి వేసింది. "చూడండమ్మా, ఆయనా రోజూ ఆ పెట్టెనే తిట్టిపోస్తున్నాడు."

"పేలదు కదే?" అంది లూపే, గుమ్మం దగ్గరే నిలబడి.

"పేలదత్తా."

"నిప్పంటుకోదు కదా?"

"అది కంప్యూటరత్తా, పొయ్యి కాదు!" సెఫినా ఏవో నొక్కి లేచింది. "ఇక మోతంతా లౌడ్‌స్పీకర్లకే. సిస్టమూ మార్చలేదు, మనిషీ మార్చలేడు. నా పాస్‌వర్డ్ కొడితే తప్ప కదలదు."

సాయంత్రం బస్సు దిగిన తుయాలా ఒక్క పరుగున ఇంట్లో పడ్డాడు. ఆ వెంటనే శంఖం ఊరు అదిరేలా మోగింది. కొబ్బరిచెట్ల మీది గబ్బిలాలు చెల్లాచెదురయ్యాయి. లూపే కూతుర్ని జడ పట్టి లోపలికి లాగి, ఉందో లేదో అని మళ్లీ ఒకసారి తడిమి చూసుకుంది. గోడల్లేని ఇళ్లలో ఊరంతా తలలు వంచింది. ప్రార్థన పాట ముగిసింది. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

లౌడ్‌స్పీకర్లు ఒక్కసారిగా గర్జించాయి.

"బంతి అందుకున్నాడు! ఇద్దర్ని కుమ్మేశాడు! ఈ ఆంబోతునిక ఎవరాపుతారు!"

రగ్బీ ఆట! పాదిరిగారి నోట్లో ఆమెన్ సగంలోనే ఆగిపోయింది. ఊరి కళ్లన్నీ తుయాలా ఇంటివైపు తిరిగాయి. అక్కణ్ణుంచి టపటపా మీటలు బాదుతున్న చప్పుడు, దాని వెనకే పెద్దమనిషి గావుకేక:

"ఆటున్నప్పుడల్లా ఒక్క నొక్కుకే మోత లోపలికి మళ్లించి చచ్చేదానివి, ఇవాళ నీకేం మాయరోగం వచ్చిందే!"