కొండ చిత్తడి నీళ్లు

వానలు వెనకబట్టాక మైలవరం దగ్గరి కొండమీది చిత్తడిలో బాతులు దిగాయి. వాటిని పట్టడానికి ఎవరో నీళ్లలో పురుగుమందు కలిపారు. ఆ నీళ్లు తాగి శౌరమ్మ పాడిగేదె చచ్చింది.

గేదె పడినచోటు చూపిస్తానని ఆమె బాతులు పట్టే ఆరోన్‌ని వెంటబెట్టుకుని కొండెక్కింది.

"చర్చిలో బైబిలు పట్టుకుని చెప్పాగా అత్తా, నేను కాదని. ఇంకా నమ్మవా?" అన్నాడతను.

"నమ్మాన్లేరా. అలిసిపోయావు, తాగు," అంటూ శౌరమ్మ నీళ్లసీసా అందించింది.

ఆరోన్ సీసాలో సగం గటగటా తాగేశాడు.

"ఇందాక నువ్వు బాతుల్ని లెక్కెడుతుంటే ఆ సీసా ఈ చిత్తడిలోనే ముంచాను," అంది శౌరమ్మ.

ఆరోన్ గొంతులోకి వేళ్లు పోనిచ్చాడు. "మందు కలిపింది నేనే! నన్ను చంపేశావు కదే!" అదే అరుచుకుంటూ, కింద చేలల్లో ఉన్న జనం వైపు పరిగెత్తాడు.

శౌరమ్మ అతన్ని వెనక్కి పిలవలేదు. సీసాలో మిగిలిన ఇంటి బోరునీళ్లు తాను తాగి, మూత బిగించింది.