వంతుల పడక

"ఆ గుండ్రటి తలుపులోంచి ఆయన దూరలేరమ్మా. ఆ మోకాళ్లు చూడండి!" అన్నాడు గోర్డన్, దారికి చెయ్యి అడ్డం పెట్టి.

గోర్డన్ మాజీ నావికుడు. గోస్పోర్ట్ రేవు మ్యూజియంలో ఒడ్డుకు చేర్చి పెట్టిన పాత జలాంతర్గామిని జీతం లేకుండా జనానికి తిప్పి చూపిస్తుంటాడు.

"దూరతాడు. ఇలాంటిదాంట్లోనే ఆరేళ్లు పనిచేశాడు మా ఆయన," అంది బెరిల్.

"ఎప్పుడు?"

"మా పెళ్లికి ముందు. పంతొమ్మిదివందల అరవైల్లో."

"అప్పుడు నేను కూడా దూరేవాణ్ణి లెండి, సూది బెజ్జంలోంచి!"

బెరిల్ నవ్వలేదు. ఇద్దరి మధ్యా నిలబడి క్లిఫ్ తన కోటు గుండీ తిప్పుకుంటున్నాడు. ఆ వాదన తన గురించేనని ఆయనకు తెలియదు. మతిమరుపు జబ్బు పట్టుకుని మూడేళ్లయింది. భార్యను పేరు పెట్టి పిలిచి పద్నాలుగు నెలలు. పొద్దున్నే టీ ఇస్తే "థాంక్యూ మేడమ్, మీ హోటల్ చాలా బాగుంది" అంటాడు.

మొదట్లో ఆ మాటకు బెరిల్ వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది. ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు. మనసు మొద్దుబారిపోయింది. కప్పు కడుగుతుంది, బోర్లిస్తుంది, అంతే.

పాత జ్ఞాపకాలున్న చోట్లకు తీసుకెళ్లండి, ఏదైనా తట్టొచ్చు అన్నాడు డాక్టరు. అందుకని ఈ వారం హాంప్‌షైర్ తీరంలో ఒక్క మ్యూజియాన్నీ వదల్లేదు ఆవిడ. సోమవారం కొయ్య యుద్ధనౌక, మంగళవారం ఫిరంగుల కోట, నిన్న సైనికుల మెడల్సూ టోపీలూ. అన్నిచోట్లా క్లిఫ్ టీ గదిలో కూర్చుని కేకు పొడిపొడి చేశాడే తప్ప నోరు విప్పలేదు.

హ్యాండ్‌బ్యాగులో వృద్ధాశ్రమం వాళ్ల కాగితం ఉంది. రేపటికల్లా సంతకం పెట్టి ఇవ్వకపోతే ఆ గది ఇంకొకరికి పోతుంది. బెరిల్ తనలో తాను ఒట్టు పెట్టుకుంది. ఇవాళ ఒక్కసారి తన పేరు పలికితే చాలు, ఆ కాగితం చింపేస్తుంది. ఓపికున్నంత కాలం తనే చూసుకుంటుంది.

వాళ్లింకా వాదించుకుంటూ ఉండగానే క్లిఫ్ గోర్డన్ చెయ్యి కిందనుంచి వంగి ముందుకెళ్లాడు. పైనున్న కమ్మీ అందుకున్నాడు. కాళ్లు ముందు పెట్టి, తడి సబ్బులా అవతలికి జారిపోయాడు.

"అబ్బో!" అన్నాడు గోర్డన్. "ఈయన మావాడేనమ్మా. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను."

ఇద్దరూ ఆయన వెనకాల పడ్డారు. ఇంజన్ల గదిలో క్లిఫ్ ఒక్కో చక్రాన్నీ తడుముతూ వాటి పేర్లు గడగడా చెప్పేస్తున్నాడు. గోర్డన్ ఒక మీట మీద చెయ్యి వేయగానే కసిరాడు.

"అది ముట్టుకోకు! అందరం మునుగుతాం."

"మునగడమే కదా సార్ దీని పని!"

క్లిఫ్ పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని చాలా కాలమైంది. బెరిల్ ఆ గది బయటికి వచ్చింది. పక్కనున్న ఇరుకు మంచం మీద కూలబడింది.

"పడుకోండి, పర్లేదు," అన్నాడు గోర్డన్. "ఒక్కో మంచానికి ఇద్దరం. ఒకడు డ్యూటీకి లేస్తే రెండోవాడు అదే వెచ్చటి పరుపు మీద వాలేవాడు. పెళ్లానికి చెప్పలేనివి కూడా ఆ రెండోవాడికి చెప్పుకునేవాళ్లం."

అవతల ఎవరో పిలిస్తే గోర్డన్ వెళ్లాడు. బెరిల్ నిజంగానే నడుం వాల్చి కళ్లు మూసుకుంది.

ఎవరో పాదం పట్టుకుని ఊపారు.

"లేవరా డస్టీ. నీ వంతు వచ్చింది. నా మంచం నాకియ్యి."

కళ్లు తెరిస్తే ఎదురుగా క్లిఫ్. సూటిగా ఆవిడ కళ్లలోకే చూస్తున్నాడు. ఆ చూపు ఎక్కడ పోతుందోనని బెరిల్ కదల్లేదు. డస్టీ అంటే ఆ మంచం పంచుకున్న రెండోవాడై ఉంటాడు. నేను డస్టీని కాదని చెప్పలేదు.

"ఇంకో ఐదు నిమిషాలురా," అంది.

"నీ ఐదు నిమిషాల సంగతి నాకు తెలీదూ?" అంటూ క్లిఫ్ మంచం అంచున కూర్చున్నాడు.

"రేవుకి ఎప్పుడు చేరతాం?" అంది బెరిల్.

"శుక్రవారం. ఈ డీజిల్ కంపు వదిలించుకోవడానికి రెండు రోజులు స్నానం చెయ్యాలి."

బెరిల్ మెల్లిగా అడిగింది. "ఒడ్డున నీకోసం ఎవరైనా ఎదురుచూస్తారా?"

"ఎందుకు చూడదూ? ఆకుపచ్చ కోటేసుకుని ఫెర్రీ దగ్గర నిలబడుతుంది. వానొచ్చినా కదలదు."

ఆ కోటు బెరిల్‌ది. మొదటి జీతంతో కొనుక్కుంది.

"పేరేంటి?"

"నీకు వందసార్లు చెప్పాను కదరా! బెరిల్."

పద్నాలుగు నెలల ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. దుఃఖం కాదు, సంతోషం. బెరిల్ కళ్లు తుడుచుకోకుండానే బ్యాగు తెరిచి వృద్ధాశ్రమం కాగితం తీసింది. రెండుగా చింపింది. మళ్లీ నాలుగుగా చింపింది.

"కాగితం అంతా పాడుచెయ్యకురా, ఒక ముక్క ఉంచు," అన్నాడు క్లిఫ్, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి. "బెరిల్‌కి ఉత్తరం రాయాలి, నాకు చేతులు రావడం లేదు. నువ్వే రాసిపెట్టు డస్టీ, ఈ పెళ్లి నాకిష్టం లేదని."