పక్కన నిలబడ్డవాడు

"ఇంకెవరైనా ఉన్నారా?" అడిగాడు మేనేజర్.



న్యూజిలాండ్‌లోని లోవర్ హట్‌లో మాంసం నిల్వచేసే కోల్డ్ స్టోరేజి అది. పెద్ద ఫ్రీజర్ తలుపు లోపలి నుంచి తెరుచుకోవడం మానేసి మూడు వారాలైంది. బాగుచేసేదాకా లోపలికి అడుగు పెట్టనని ఆ గురువారం శౌరి తేల్చేశాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టాక చివరికి అన్న మాట అది.

అతని వెనక నలుగురు తెలుగువాళ్ళున్నారు. నిన్న టీ టైములో "నీ వెనకే ఉంటాం అన్నా" అన్నవాళ్ళే. అన్నమాట ప్రకారం వెనకే ఉన్నారు. కాకపోతే అందరికీ ఒక్కసారిగా తమ బూట్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మనీష్ అయితే ఏకంగా వంగి లేసు కట్టుకుంటున్నాడు.

శౌరికి వాళ్ళ మీద కోపం రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

"నేను కూడా వెళ్ళను," ఇంగ్లీషులో ఒక గొంతు.

అందరూ తిరిగి చూశారు. ఇందాక మేనేజర్ గదిలోంచి అతని వెంటే వచ్చిన కొత్త మనిషి. ఒంటి మీది జాకెట్‌కి మడతలు కూడా పోలేదు. నడిచి వచ్చి శౌరి పక్కన నిలబడ్డాడు.

మేనేజర్ ముఖం కందగడ్డ అయింది.

"ఇద్దరూ ఇంటికెళ్ళండి. ఫోన్ చేసేదాకా రావద్దు."

బయట సన్నగా వాన. శౌరి తలవంచుకుని నడుస్తున్నాడు.

"అన్నా, స్టేషన్ ఇటేనా?"

శౌరి ఉలిక్కిపడ్డాడు. "నువ్వు తెలుగా?"

"వరంగల్ అన్నా."

"నీకెందుకయ్యా మధ్యలో?"

"తల్పు లోపల్నుంచి తెర్సుకుంటలేదు గదా. పొద్దున నేను గూడ జూసిన."

మేనేజర్ గదిలోంచి వచ్చినవాడికి ఇంత మంచితనం ఎక్కడిదని శౌరి అనుమానం.

"నిజం చెప్పు. నా నోట్లోంచి ఇంకో మాట లాక్కురమ్మని పంపాడా నిన్ను?"

అతను నవ్వబోయి మానేశాడు. ఏదో చెప్పబోయాడు.

"వద్దులే. వినే ఓపిక లేదు," అన్నాడు శౌరి.

రెసిడెన్సీ అప్లికేషన్ ఇంకా తేలలేదు. ఉద్యోగం పోతే అదీ పోతుంది. భార్య సరోజినికి ఏమని చెప్పాలో తెలియడం లేదు.

రైలొచ్చింది. శౌరి ఎక్కి కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆ కొత్తతను అవతలి ప్లాట్‌ఫాం వైపు వెళ్ళిపోయాడు.

శుక్రవారమంతా ఫోన్ మోగలేదు.

"ఇంకొకతను కూడా నిలబడ్డాడన్నారు, ఎవరండీ?" అడిగింది సరోజిని.

"మేనేజర్ మనిషి."

"పేరేంటి?"

"ఏమో."

శనివారం పొద్దున శౌరి కేథలిక్ గుడికి వెళ్ళాడు. పూజకి ముందు, క్రీస్తు కోసం ప్రాణాలిచ్చిన ఆ రోజు వేదసాక్షుల పేర్లు చదవడం అతని వంతు. తొలినాటి క్రైస్తవుల తిరుసభలో, తమవాళ్ళలో ఎవరిని ఏ రోజున చంపితే ఆ రోజున వాళ్ళని తలుచుకునేవారు, ఆ పేర్లే క్యాలెండర్‌గా రాసుకునేవారు. ఆ అలవాటు పోకూడదని ఫాదర్ ఇన్నయ్య పట్టుదల. ఆ చలిలో వినేది పదిమంది. అందులో సగం ఆవులింతలు.

"ఆగస్టు ముప్పై. రోము నగరంలో వేదసాక్షులు ఫెలిక్స్, అదౌక్తుస్," అని చదివి వచ్చి కూర్చున్నాడు.

పూజయ్యాక టీ దగ్గర అడిగాడు.

"ఆ రెండో పేరేంటి ఫాదర్, నోరు తిరగలేదు?"

"అది పేరు కాదు శౌరీ. ఫెలిక్స్‌ని చంపడానికి తీసుకెళ్తుంటే, దారిలో ముక్కూమొహం తెలియనివాడెవడో వచ్చి 'నేనూ క్రైస్తవుణ్ణే' అన్నాడట. ఇద్దర్నీ నరికేశారు. పేరు తెలియదు కదా, క్యాలెండర్‌లో 'తోడు చేరినవాడు' అని రాసుకున్నారు. అదౌక్తుస్ అంటే అర్థం అదే."

"ఫెలిక్స్ అడగలేదా, నీ పేరేంటని?"

"అడిగే టైమెక్కడిది పాపం!"

శౌరి టీ కప్పు పక్కన పెట్టేశాడు. తనకి స్టేషన్ దాకా టైముంది. అయినా అడగలేదు. సిగ్గేసింది.

బయటికొచ్చి మనీష్‌కి ఫోన్ చేశాడు.

"నేనే చేద్దామనుకుంటున్నా అన్నా! సోమవారం నిన్ను వచ్చేయమన్నారు. తలుపు కూడా బాగుచేయిస్తున్నారు."

"అదెలా?"

"నువ్వొక్కడివే అయితే మొండివాడని తోసేసేవాళ్ళు. ఇద్దరనేసరికి పైవాళ్ళకి భయం పట్టుకుంది."

శౌరి గోడకి ఆనుకున్నాడు.

"మరి అతను?"

"తీసేశారు. ట్రయల్‌లో ఉన్నవాడు కదా, మొదటి రోజే అయిపోయింది. నిన్న వచ్చి జాకెట్ ఇచ్చేసి వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"ఎవరం అడగలేదన్నా."

"పేరు?"

"అదీ అడగలేదు."

శౌరికి మనీష్‌ని తిట్టాలనిపించింది. అనడానికి తనకి మాత్రం ఏం హక్కుంది?

"మన దగ్గర ఖాళీల్లేవు కదరా. అసలతన్ని ఎందుకు తీసుకున్నారు?"

అవతల మనీష్ గొంతు తగ్గించాడు.

"నీ ప్లేస్‌లోకే అన్నా, ఆ పొద్దున మేనేజర్ నిన్ను చూపించి మరీ చెప్పాడంట అతనికి."