దీపాలవేళ జైలు మాట

నేను దీపం పెడుతుంటే మనవరాలు సహస్ర "ఇన్‌కార్సరేషన్, ఇన్‌కార్సరేషన్" అని బట్టీ పడుతున్నది.

"అంటే ఏందే?"

"జైల్ల ఏసుడు, అవ్వా. రేపు పరీక్షల అర్థం రాయాలె, సొంతంగ ఒక వాక్యం గూడ రాయాలె."

నేను చప్పున పైకి చూశాను. ఆ వేళప్పుడు పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. చేవెళ్ల మార్కెట్‌కు బంతిపూలు తీసుకుపోయిన నా కొడుకు ఇంకా ఇల్లు చేరలేదు.

"ఇంట్ల ఆ మాట అనకు!"

"దేవతలకు ఇంగ్లీషు రాదులే అవ్వా."

"నీకే వస్తే వాళ్లకు రాదా?"

అయినా పిల్ల పరీక్ష పోతే ఎట్లా? అదీ భయమే. ఆలోచించి దాన్ని వాకిట్లోకి తెచ్చి, ఎదురింటి బుచ్చయ్య తలుపు వైపు తిప్పి నిలబెట్టాను. మొన్ననే మా చేను గట్టు జరిపినవాడు. తగిలితే వాడికే తగలనీ అనుకున్నాను.

"ఇగ గట్టిగ సదువు."

పిల్ల గొంతెత్తి చదివింది. దేవతలకు చెవుడు లేదు. కాసేపటికే పోలీసు జీపు వచ్చి సరిగ్గా బుచ్చయ్య ఇంటి ముందు ఆగింది. లోపల పేకాట నడుస్తున్నదట. నేను సంతోషంగా ఆకాశానికి దండం పెట్టాను.

బుచ్చయ్యను బయటికి తెచ్చారు. వాడి వెనకాలే, నెత్తిన తువ్వాల కప్పుకుని నా కొడుకు వచ్చాడు.

"అవ్వా, వాక్యం దొరికింది," అన్నది సహస్ర.

"వాక్యం తర్వాత రాస్తువుగని, ఇడిసిపెట్టుడును ఇంగ్లీషుల ఏమంటరో సూడు. జల్ది సదువు బిడ్డా, ఈసారి మనింటి దిక్కు తిరిగి."