గీతచెక్క

"మళ్ల పోయింది," అంటూ సురేశ్ టేకు చెక్కను బల్ల మీద పడేశాడు.

రమ వంగి చూసింది. రెండు చెక్కల చివర్లలో కోసిన పళ్లు ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి. పావురం తోకలా కొసకి విచ్చుకునే పళ్లు అవి. సరిగ్గా కుదిరితే మొల కొట్టకపోయినా ఊడిరావు. ఇక్కడ మాత్రం ఒక పన్ను బిగుసుకుపోయింది. దాని పక్కదాని దగ్గర బియ్యపు గింజ దూరేంత సందు.

"ఒక్కో గీత ఒక్కో తీరుగ వంగింది," అంది రమ.

"మిషన్ మీదైతే నిమిషంల అయిపోతుండె."

"మీ ఇంట్ల చేత్తోనే చెయ్యాలె గద. రివాజు నాదా, మీదా?"

రివాజు సురేశ్ వాళ్లదే. వాళ్లింట్లో పెళ్లి జరిగితే పెళ్లికూతురికి మొల లేని టేకు పెట్టె పెట్టాలి. దాన్నే సందుక అంటారు. తాత చేశాడు, తండ్రి సోమన్న చేశాడు. సురేశ్ మాత్రం షాద్‌నగర్‌లో వంటింటి అరలు బిగించే పనిలో ఉన్నాడు. అక్కడంతా ప్లైవుడ్, స్క్రూలు. తల్లి పోయాక తండ్రి మూసేసిన పనిముట్ల పెట్టెను ఈ సందుక కోసమే తెరిచాడు.

గోడ అవతల నుంచి పక్కింటి గుర్వమ్మ తొంగిచూసింది.

"ఏం పిల్లా, ఆదివారం పూట ఈడ్నే ఉన్నవ్?"

"పెండ్లి సందుక చేస్తున్నం అవ్వా. ఆడపెండ్లోళ్ల చెయ్యి గూడ పడాలె గద!"

"గట్లనా! ముహూర్తం పెట్టుకున్నరా మరి?"

"పెద్దోళ్లు ఒప్పుకోవాలె అవ్వా," అన్నాడు సురేశ్.

గుర్వమ్మ ఇద్దరినీ కలిపి ఒక చూపు చూసి, నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

రమ గొంతు తగ్గించింది. "మీ బాపును అడిగినవా?"

"అడిగిన. పేపర్ సదువుకుంట కూసున్నడు. సదివిన పేజీనే మళ్ల సదివిండు. మీ అమ్మ?"

"కొంగు మొకానికి అడ్డం పెట్టుకొని వంటింట్లకు పోయింది. ఆడికెల్లి, నలుగురు ఏమంటరే అన్నది."

"వద్దన్నదా?"

"వద్దనలే. సరే అనలే."

సురేశ్ నిట్టూర్చి మళ్లీ పెన్సిల్ అందుకున్నాడు. రమ అతని చెయ్యి ఆపింది.

"జర ఆగు. నేను జాకెట్ మెడకు అట్ట కోసి పెట్టుకుంట. దాన్ని పెట్టి గీస్తే ఎన్ని జాకెట్లయినా ఒక్కటే వంపు. చెక్కకు గట్లాంటిది ఉండదా?"

సురేశ్ ముఖం వెలిగింది. "ఉండె! బాపు దగ్గర గీతచెక్క ఉండె. ఏడ పోయిందో. కొత్తది చేద్దాం పట్టు."

అరచేతిలో ఇమిడే టేకు ముక్క ఒకటి తీసుకుని చిత్రిక పట్టాడు. మూలమట్టం పెట్టి నాలుగు వైపులా సరిచూశాడు. ఒక కొసను మందంగా తలలా వదిలేసి, మిగతాది సగం మందానికి రంపంతో కోసి, ఉలితో చదును చేశాడు. తల భాగాన్ని పలక అంచుకు ఆనిస్తే, పలచని భాగం పలక మీద పడుకుంటుంది. దాని రెండు పక్కల్నీ వాలుగా కోస్తే చాలు, పన్నుకు అటూ ఇటూ గీత గీసుకోవచ్చు. ఎనిమిది పాళ్లు నిడివికి ఒక పాలు వాలు అని రమే కొలిచి గీసింది. సురేశ్ ఊపిరి బిగబట్టి కోశాడు.

"ఎడమ దిక్కు రంపం జారింది."

ఇద్దరూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. సోమన్న గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో.

"పెన్సిల్ గీత లావుంటది బిడ్డా," అన్నాడు రమతో. "కత్తి మొనతోని గియ్యి. ఉలి పోయి ఆ గీతల్నే కూసుంటది."

రమ కత్తితో గీసింది. సోమన్న ఉలి అందుకుని, ఉల్లిపొరంత పలచగా చెక్కుకుంటూ వచ్చి గీత దగ్గర ఆగాడు.

"బాపూ," అన్నాడు సురేశ్ మెల్లగా, "గిది పెండ్లి సందుక. నువ్వు చెయ్యి పెట్టినవంటే సరే అన్నట్టే."

"మాటలు తర్వాత. పలక పట్టుకో," అన్నాడు సోమన్న. తల ఎత్తలేదు కాని, మీసాల కింద నవ్వు దాగలేదు.

ఇక పని పరుగెత్తింది. రమ గీతచెక్క ఆనించి గీసింది, సురేశ్ కోశాడు, సోమన్న ఉలితో సరిచేశాడు. రెండు పలకలూ కలిపి పైనుంచి మెత్తగా తడితే పళ్లు చప్పుడు లేకుండా దిగిపోయాయి. సురేశ్ గట్టిగా ఈల వేశాడు.

ఆ ఈల విని రమ తల్లి అరుణమ్మ వచ్చింది. రమను ఒంటిచేత్తో పెంచిన మనిషి. "అన్నం యాళ్ల దాటిపాయె, రావా?" అంటూనే సోమన్నను చూసి ఆగిపోయింది. సోమన్న గబగబా చొక్కా మీది పొట్టు దులుపుకున్నాడు.

అరుణమ్మ దగ్గరికొచ్చి అతుకు మీద వేలు పెట్టి నిమిరింది.

"ఏడా సందు లేదు," అంది.

"నచ్చిందా అమ్మా?"

"సందుక ఎవలకు నచ్చదే?"

"సందుక ముచ్చట కాదు నేనడిగేది."

అరుణమ్మ గోడ వైపు చూసింది. "నలుగురు..."

"నలుగురికి మేం చెప్పుకుంటం అత్తమ్మా, నీకేం ఫికర్ వద్దు," అన్నాడు సురేశ్. "నువ్వు సరే అను, చాలు."

ఆమె తల దించుకునే అంది.

"మీ ఇద్దరికి ఇష్టమైనంక ఇంక నాదేమున్నది."

రమ కేక పెట్టి తల్లిని వాటేసుకుంది. సురేశ్ గంతులేశాడు. సోమన్న నున్నగా ఉన్న పలకనే పట్టుకుని మళ్లీ చిత్రిక పట్టసాగాడు.

మాఘమాసంలో ముహూర్తం కుదిరింది. వాకిట్లో పందిరి వేశారు. బాజాలు మోగాయి. కొత్త బట్టల్లో సురేశ్, రమ మెరిసిపోతున్నారు.

"పెళ్లికూతురిని తీసుకురండి," అని పురోహితుడు కేకేశాడు.

రమ లోపలికి వెళ్లి, అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పెళ్లిపీటల మీదున్న సోమన్న పక్కన కూర్చోబెట్టింది.